పిన్ని పెట్టిన కృతజ్ఞత కూడిక

మొన్న మా వీధి చివరింటివాళ్లు కృతజ్ఞత కూడికకు రమ్మని కార్డు ఇచ్చి వెళ్లారు. కారు కొన్నారట. మా నూజివీడులో ఈమధ్య ఈ కూడికలు ఎక్కువయ్యాయి. స్లాబు వేస్తే ఒకటి, బోరులో నీళ్లు పడితే ఒకటి, పిల్లాడు సప్లిమెంటరీలో గట్టెక్కితే ఒకటి. పాస్టరుగారు వచ్చి వాక్యం చెబుతారు, నాలుగు పాటలు పాడతారు, మేలు పొందినవాళ్లు లేచి నిలబడి దేవుడు తమకు ఏం చేశాడో చెప్పి కళ్లు తుడుచుకుంటారు, ఆ తరవాత పలావు. ఒకప్పుడు నేను పలావు సంగతి ఎలా ఉన్నా ఆ మేలు చెప్పే ఘట్టం కోసమైనా వెళ్లేదాన్ని. ఇప్పుడు మానేశాను. కార్డు ఇచ్చినావిడకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. నా మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఆరేళ్ల కిందట మా పిన్ని పెట్టిన కూడిక చూశాక ఇంకో కూడికలో కూర్చోలేకపోతున్నాను, అంతే.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. రెడ్డిగూడెం దాటాక నాలుగెకరాల మామిడితోట, తోటలోనే రెండు గదుల ఇల్లు, పిన్ని, బాబాయి. పిల్లలు లేరు. పాతికేళ్లు సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి పిన్నికి ఒక అలవాటు పట్టుకుంది. ఏది కంటబడినా అందులో దేవుడి కాపుదల కనిపించేది. పాలు పొంగబోయే సమయానికి నేను వంటింట్లోకి వెళితే, ఆయనే పంపించాడనేది. నేను వెళ్లింది అగ్గిపెట్టె కోసం. కోడి పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుంటే పాఠం, చీమ పంచదార పలుకు మోసుకుపోతే పాఠం. నేను ముప్పై ఏళ్లు ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసినదాన్ని. సంతకం, ముద్ర లేని కాగితాన్ని నమ్మే అలవాటు లేదు. పిన్ని పాఠాలు వింటుంటే ఒళ్లు మండేది. బాబాయికి మాత్రం మండేది కాదు, సరదాగా ఉండేది. ఆయన చర్చికి క్రిస్మస్‌కొకసారి, ఈస్టర్‌కొకసారి వచ్చి చెప్పుల దగ్గర కూర్చునే మనిషి. మామిడిలో మాత్రం ఘటికుడు. కాయ తట్టి చూసి ఎన్ని రోజులకు పండుతుందో చెప్పేవాడు.

బాబాయికి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు నూజివీడు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. పిన్ని తన కిడ్నీ ఇస్తానంది. నీకు సుగర్ ఉంది, కుదరదన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి రెండేళ్లపాటు సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారకముందే ఇద్దరూ బస్సెక్కేవారు, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి కాసేపు నడుం వాల్చి సాయంత్రం బస్సుకు వెళ్లేవారు. పిన్ని పాఠాలు అప్పుడింకా ఎక్కువయ్యాయి. ఒకరోజు బస్సు కదిలిపోతుంటే పిన్ని పరిగెత్తిందట, డ్రైవరు చూసి ఆపాడట.

"దేవుడే ఆయన చేత బ్రేకు వేయించాడమ్మా," అంది నాతో.

మంచం మీద పడుకున్న బాబాయి కళ్లు తెరవకుండానే, "మరి మొన్న ఆపకుండా పోయిన డ్రైవరు కాలు ఎవరు పట్టుకున్నారే?" అన్నాడు.

"మొన్నటి బస్సులో సీట్లు లేవులెండి. నుంచుంటే మీరు పడిపోదురు," అంది పిన్ని ఏమాత్రం తడుముకోకుండా. సూది మొదటిసారికే నరంలోకి దిగితే అదొక మేలు. మూడోసారికి దిగితే, నాలుగోది పొడవలేదు కదా, అదొక మేలు. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఆ జబ్బులో అసలు నరకం సూది కాదు, దాహం. రోజుకు మూడు గ్లాసుల నీళ్లకు మించకూడదన్నారు. మా వైపు మే నెల ఎండలో మూడు గ్లాసులంటే మీరే ఊహించుకోండి. ఇంకొకటి, మామిడిపండు ముట్టకూడదన్నారు. పండులో ఉండే ఉప్పేదో గుండెను ఆపేస్తుందట. నాలుగెకరాల చిన్నరసాల మధ్య కాపురం ఉంటూ మనిషి పండు తినకూడదు, నీళ్లు తాగకూడదు. పిన్ని కాపలా గట్టిది. కుండ తన మంచం పక్కన పెట్టుకునేది. బాబాయి స్నానానికి వెళితే తలుపు దగ్గర నిలబడేది, చెంబులో నీళ్లు తాగేస్తాడేమోనని. "ఇదీ దేవుడి కాపుదలేనా?" అని నేను ఎత్తిపొడిస్తే, "కాదా మరి? నన్ను పెట్టింది అందుకేగా," అనేది. ఆ మాట నమ్మే అనేది.

రెండో వేసవికి బాబాయి చేతిలో డయాలసిస్ సూది గుచ్చే నరం మూసుకుపోయింది. ఇంకో చోట ఆపరేషను చేసి కొత్త దారి వేశారు, అదీ మూసుకుపోయింది. మెడలో గొట్టం పెట్టాలన్నారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బాబాయి ఇంట్లో కనబడకపోతే పిన్ని తోటలో వెతకబోయింది. మూడో వరసలో ఒక చెట్టు మొదట్లో ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు. పడిపోయాడనుకుని పరిగెత్తిందట. దగ్గరకు వెళ్లి చూస్తే పడిపోలేదు. డ్రిప్పు పైపుకు నోరు ఆనించి, ఒక్కొక్క చుక్కా తాగుతున్నాడు. గడ్డం నిండా బురద. ఆ డ్రిప్పు మీద కూడా పిన్నికి పాఠం ఉండేది. ఏ చెట్టుకు ఎంత కావాలో అంత, చుక్క చుక్కగా ఇస్తాడని సండే స్కూలు పిల్లల్ని తోటలోకి తీసుకొచ్చి మరీ చూపించేది. ఆ రోజు ఆమె కేకలేయలేదు, పిలవలేదు. వచ్చినదారినే వెనక్కి వెళ్లి అరుగు మీద కూర్చుంది. బాబాయి వచ్చి, మూతి తుడుచుకుని, "ఇంక ఆసుపత్రికి రానే. నన్నొదిలెయ్," అన్నాడట. పిన్ని సరేనంది.

ఆ సంగతి నాకు చెప్పడానికి బుధవారం ఒక్కతే వచ్చింది. నాకు కోపం ఆగలేదు. "మానేస్తే ఎన్నాళ్లు బతుకుతాడో తెలుసా నీకు? ఎలా ఒప్పుకున్నావు పిన్నీ?" అని అరిచాను.

"చెట్లకి నీళ్లు పెడతన్నా. మనిషికి పెట్టట్లేదమ్మా నేను," అంది. ఇంకా ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ దాహం నీదీ కాదు, నాదీ కాదు కదమ్మా." తరవాత చీర కుచ్చెళ్లు సర్దుకుని, శనివారం కృతజ్ఞత కూడిక పెడుతున్నానని, పలావుకు బియ్యం ఎన్ని కేజీలు పొయ్యాలో చెప్పమని అడిగింది. దేనికి కృతజ్ఞతని అడిగితే, "రెండేళ్లు దేవుడు చేసినవన్నీ ఊరికే పోనిస్తామా?" అంది.

శనివారం తోటలో షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో బాబాయి. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. పక్కన స్టూలు మీద నిండా నీళ్లున్న చెంబు. పాటలయ్యాక పిన్ని గంపలోంచి ఒక రసం పండు తీసి, అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, జీడి రెండు చుక్కలు నేలకు పిండేసి, ఆయన చేతిలో పెట్టింది. బాబాయి పండు నోట్లో పెట్టుకున్నాడు. మా ప్రాంతంలో ఈ జబ్బు లేని ఊరు లేదు. కిడ్నీ పోయినవాడు మామిడిపండు తినకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని ఆ పండు చూడగానే జనంలో ఒకటే గుసగుస. అంతలో పిన్ని లేచి, బస్సు ఆపిన డ్రైవరు దగ్గర్నుంచి, నొప్పి లేకుండా సూది గుచ్చిన నర్సమ్మ దాకా అన్నీ చెప్పి, "ఇంక సోమవారం నుంచి మేం ఆసుపత్రికి వెళ్లక్కర్లేదండి," అంది. ఒక్కసారిగా చప్పట్లు. హల్లెలూయ అని కేకలు. బాగైపోయిందనుకున్నారు. ఒకావిడ వచ్చి బాబాయి తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. పాస్టరుగారు సంపూర్ణ స్వస్థత గురించి గొంతెత్తి ప్రార్థన చేశారు. పిన్ని ఎవరినీ సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు. బాబాయి రసం కారుతున్న చేతులెత్తి నాయకుడిలా అందరికీ దండం పెట్టాడు. పక్కనున్న నా వైపు వంగి, "నా మాట ఇంతమంది నమ్మటం ఇదే మొదటిసారమ్మాయ్, అదీ నోరిప్పకుండానే," అన్నాడు. ఆ పూట ఐదు పండ్లు తిన్నాడు. చెంబు రెండుసార్లు ఖాళీ చేశాడు. పలావు మాత్రం వద్దన్నాడు.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంతో బాగుంటుంది. కానీ మనిషి ఇక్కడ పోలేదు. నాలుగు రోజులు పట్టింది. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరాయి. పడుకోలేడు, కూర్చోలేడు. మంగళవారానికి మొహం నీలంగా తిరిగింది. బుధవారం మధ్యాహ్నం పిన్ని ఆయన వెనక కూర్చుని, వీపు తన గుండెకు ఆనించుకుని పట్టుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఫోనులో అంబులెన్సు నంబరు తీసి పెట్టుకున్నాను. అప్పుడు పిన్ని గొంతు మారిపోయింది. "ఏమండీ, వెళ్దామా? ఆసుపత్రికి వెళ్దామా అండీ?" అని అడిగింది. బాబాయి ఏదో సైగ చేసినట్టున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"వద్దన్నారు," అంది పిన్ని. నేను ఫోను పక్కన పెట్టేశాను. రెండు గంటలకు పోయాడు.

అంత్యక్రియలకు వచ్చిన జనం పిన్నితో సరిగా మాట్లాడలేదు. మోసం చేసిందన్నట్టు చూశారు. నెల తిరక్కుండా ఆమె సండే స్కూలు మానేసింది. కోడి పిల్లల్ని రెక్కల కిందికి తీసుకున్నా, చీమ పంచదార మోసుకుపోయినా ఇప్పుడు ఏమీ అనదు. అన్నేళ్లు ఆ పాఠాలు ఎప్పుడు ఆగుతాయా అని ఎదురుచూసినదాన్ని, ఆ నిశ్శబ్దానికి భయపడ్డాను. ఒకరోజు మా ఇంట్లో గోరుచిక్కుళ్లు ఒలుస్తూ హఠాత్తుగా అడిగింది. "ఆ రోజు మీ బాబాయి తల అడ్డంగా ఊపారా, నిలువుగా ఊపారా? నేను వెనకున్నానమ్మా, నాకు మొహం కనపళ్లేదు. ఊపిరాడని మనిషి తల ఎలాగూ ఊగుతుంది కదా. నువ్వు ఎదురుగా ఉన్నావు. చూశావు కదా?"

నేను చూడలేదు. ఆ క్షణంలో నా చూపు ఫోను మీద ఉంది. తలెత్తేసరికి అయిపోయింది.

"అడ్డంగానే పిన్నీ. వద్దనే అన్నాడు," అన్నాను.

పిన్ని చేతిలోని గోరుచిక్కుడుకాయ ఈనె తీసి పళ్లెంలో వేసింది. తరవాత పోయిందనుకున్న పాత గొంతుతో, "అందుకేనమ్మా దేవుడు నిన్ను ఆ గుమ్మంలో నిలబెట్టింది," అంది.

ఇప్పటికీ ఆమెకున్న పాఠం అదొక్కటే. ఏడాదికి రెండు మూడుసార్లు అదే ప్రశ్న అడుగుతుంది, నేను అదే జవాబు చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు అది అబద్ధమని నాకు స్పష్టంగా తెలుసు. ఆరేళ్లుగా చెప్పీ చెప్పీ, ఈమధ్య కళ్లు మూసుకుంటే బాబాయి తల అడ్డంగా ఊపుతూ నాకే కనిపిస్తున్నాడు.