నడిచిన దోవకు జట్కా బాడుగ

తిరుపతి పక్కన మేం తొమ్మిది మందిమి కలిసి రెండెకరాల మెట్టనేల కొన్నప్పుడు, దాన్ని ఎవరు చూసుకోవాలన్న మాటే రాలేదు. చిత్తూరులో నేను హైస్కూల్లో లెక్కల అయివారిని. ఆదివారాలు సెలవు, ఎండాకాలం సెలవు. పైగా లెక్కలు తెలిసినవాణ్ణి.

"నువ్వే సూసుకో అయివోరూ. మాకు యాడ తీరుతుంది?" అన్నాడు బట్టలంగడి పెద్దాయన. మాలో వయసులోనూ ఆస్తిలోనూ ఆయనే పెద్ద. ఆయన అంగడి మిద్దె మీదే మా కూటాలు జరిగేవి. తక్కినవాళ్ళు సరేనన్నారు. నేనూ సరేనన్నాను. లోపల కొంచెం సంతోషం కూడా కలిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. నమ్మినారు గదా అని.

మనిషికి నాలుగు వేలు వేసుకున్నాం. నా నాలుగు వేలూ పోస్టాఫీసులో నుంచి తీసినవి. తిరుపతి పెరుగుతా ఉంది, కొండకు దగ్గరగా ఇల్లు కట్టుకోవాలని ఊరూరి నుంచీ జనం వస్తారు, కొన్నేళ్ళు ఆగి ప్లాట్లు వేసి అమ్మితే ఒకటికి మూడు వస్తుందని లెక్క. ఆ లెక్క వేసింది నేను కాదు. ఎవరు వేశారో ఎవరికీ గుర్తు లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆమె ఒకటే అడిగింది.

"తిరిగేదానికి మీకేమన్నా ఇస్తారంటనా?"

"మన తొమ్మిది మందిలో ఇచ్చేదేంది, తీసుకునేదేంది?" అని కసురుకున్నాను. ఆమె చాట తీసుకొని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా కూర్చుంది.

ఆ రెండెకరాలు ఊరికే పడివుండే నేల అనుకున్నాను. నేల ఊరికే పడివుండదు. పక్క చేను రైతు ఏడాదికోసారి మా హద్దురాళ్ళు నాలుగడుగులు లోపలికి జరిపేవాడు. అమ్మినాయన తమ్ముడు, ఆ నేలలో తనకూ హక్కు ఉందని నోటీసు పంపాడు. పన్ను రసీదు ఒకరి పేరుతో వస్తే అడంగల్లో ఇంకొకరి పేరు ఉండేది. కరణాలను తీసేసిన ఏడాదైతే, పాత కాగితాలు ఎవరింట్లో ఏ పెట్టెలో ఉన్నాయో వెతికేదానికే నాకు ఆరు ఆదివారాలు పట్టింది.

తెల్లవారి బస్సెక్కితే పూతలపట్టు వచ్చేదాకా నిలబడే పోవాలి. అక్కడ కొందరు దిగితే సీటు దొరికేది, ఒక్కోసారి అదీ లేదు. తిరుపతిలో బస్టాండు నుంచి మా నేలకు గంట నడక. కాఫీ, మధ్యాహ్నం ఒక ప్లేటు భోజనం, తిరుగు బస్సు. సోమవారం పొద్దున బోర్డు మీద సుద్దముక్కతో రాస్తుంటే పిక్కలు లాగేవి.

మొదటి ఏడాది ఖర్చులన్నీ ఉన్నవున్నట్టు రాసి కూటంలో ఇచ్చాను. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకొని గట్టిగా చదివాడు.

"బస్సు... సరే. రసీదు నకలు... సరే. కాఫీ. మళ్ళా కాఫీ. ఏమప్పా, ఒకే దినంలో రెండు కాఫీలా?"

అందరూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, మామూలు నవ్వే. "ఇంట్లో తాగి పోతే సరిపోతుంది గదా" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. కాఫీలు కొట్టేశాను. భోజనాన్ని కూడా నేనే కొట్టేశాను, ఎవరూ అడగకముందే.

రెండో ఏడాది సర్వే మనిషికి ముప్పై రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. ఆయన రసీదు ఇవ్వడు. "ఇతర ఖర్చులు" అని రాశాను. "ఇతరమంటే ఏంది?" అని అడిగారు. చెప్పాను. "గట్టిగా మాట్లాడుంటే ఇరవైకి ఒప్పుకొనుండునే" అన్నారు. ఆ మాట అన్నవాడు ఒక్కసారైనా తిరుపతికి వచ్చి ఆ నేల చూసినవాడు కాదు.

మూడో ఏడు నుంచి నేను ఒక పని మొదలుపెట్టాను. బస్టాండు నుంచి నేలకు నడిచే పోయేవాణ్ణి, నడిచే వచ్చేవాణ్ణి. కాగితం మీద మాత్రం జట్కా బాడుగ, పోను రెండు, రాను రెండు అని రాసుకునేవాణ్ణి. జట్కా బాడుగను ఎవరూ తప్పు పట్టరు. ఆడ జట్కాలు ఉన్నాయని అందరికీ తెలుసు. జట్కావాడు రసీదు ఇవ్వడనీ తెలుసు. ఆ నాలుగు రూపాయల్లోనే నా భోజనం, నా కాఫీలు. మొదటిసారి రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. తర్వాత కొట్టేయలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది ఇప్పుడు తలుచుకుంటే.

మా తొమ్మిది మందిలో ఒకామె పెద్దాసుపత్రిలో నర్సు. భర్త లేడు, తమ్ముడి సంసారం నగరిలో ఉండేది. ఆమె తన నాలుగు వేలూ ఎట్లా కూడబెట్టిందో మాకు తెలుసు. ఆరో ఏడు ఎండాకాలంలో, "అయివోరూ, నా డబ్బు యాడ పెట్టినానో ఒకసారి కండ్లారా చూస్తా" అని నాతో బయలుదేరింది. బస్టాండులో జట్కాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎప్పటి అలవాటు, నేను వాటిని దాటి నడక మొదలుపెట్టాను. ఆమె కొంగు నెత్తిన వేసుకొని వెనకే నడిచింది. నేల చూసింది. వంగి ఒక హద్దురాయిని చేత్తో తట్టి చూసింది. మళ్ళీ నడిచే వచ్చాం. సగం దోవలో అడిగింది.

"ఎప్పుడూ నడిచేనా మీరు?"

"అలవాటైపోయిందమ్మా" అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ ఏడాది కూటంలో పెద్దాయన నా కాగితం చదువుతూ "జట్కా, నాలుగు రూపాయలు" అన్నప్పుడు, ఆమె నాకెదురుగా చాప మీద కూర్చుని ఉంది. నావైపు చూసింది. నేను తల వంచి చాప అల్లిక చూస్తా కూర్చున్నాను. అందరూ మెట్లు దిగి పోయాక, వీధిలో నా పక్కకు వచ్చి మెల్లగా అన్నది.

"నేను రాత్రి డ్యూటీ చేస్తే నాకు జీతమిస్తారు. అది అడిగేదానికి నాకు సిగ్గు లేదు. మీకెందుకు సిగ్గు? కూలి అడగండి అయివోరూ. ఇట్లా రాసుకోవాల్సిన కర్మేం పట్టింది మీకు?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. డ్యూటీకి పొద్దయిందని పోయింది.

ఆ మాట నన్ను నెల రోజులు తిన్నది. ఆఖరికి పాత కాగితాలన్నీ తీసి లెక్క కూడుకున్నాను. ముప్పై ఆరు సార్లు, నూట నలభై నాలుగు రూపాయలు. మా ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "ముందే అడిగుంటే ఈ గతి లేదు గదా" అని, బీరువాలో నుంచి తీసి తనే ఎంచి ఇచ్చింది.

నేనే కూటం పిలిచాను. డబ్బు చాప మీద పెట్టి జరిగింది చెప్పాను. జట్కా ఎక్కలేదు, నడిచినాను, ఆ బాడుగ నేనే తీసుకున్నాను అన్నాను. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాను. ఇకమీదట ఏటా మనిషికి ముప్పై రూపాయలు నాకు కూలిగా ఇవ్వండి, బస్సు, భోజనం అన్నీ అందులోనే, వేరే ఖర్చేదీ రాయను.

పెద్దాయన డబ్బు ఎంచి పక్కన పెట్టాడు.

"మన మనిషి అనుకొంటిమి" అన్నాడు పెద్దాయన.

"ఆయన మన మనిషి కాబట్టే సొంతంగా చెప్పినాడు" అన్నది నర్సమ్మ.

"చెప్పినాడు. ఆరేండ్లకు చెప్పినాడు. చెప్పనివి ఇంకా ఎన్ని ఉండాయో?"

ఇంకేవీ లేవని చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? నన్ను తిట్టలేదు, ఎవరూ గట్టిగా కూడా మాట్లాడలేదు. తిరుపతిలో ఒక కంపెనీ ఉందంట, ఇట్లాంటి నేలలు చూసిపెడతారంట, అన్నీ అచ్చేసిన కాగితాల మీదే ఉంటాయంట అన్నాడు పెద్దాయన. ఆ కూటంలోనే తీర్మానం అయిపోయింది.

కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి గనక అప్పగించడానికి నేనూ పోవాల్సి వచ్చింది. ఆ కంపెనీ మేనేజరు ఫ్యాను కింద కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు తెప్పించాడు. చేరేటప్పుడు మనిషికి వంద. ఏటా నేల విలువ మీద నూటికి రెండు. రోడ్డు, కాలవ పనులు చేయిస్తే ఆ ఖర్చు మీద నూటికి పదిహేను. జీపు, ప్రకటనలు వేరే. అమ్మేటప్పుడు నూటికి మూడు. ఆపైన లాభంలో ఐదో వంతు. మా వాళ్ళు గుడిలో మంత్రం విన్నట్టు విన్నారు.

"ఏటా నూటికి రెండు అన్నారే, మేము పెట్టినదాని మీదనా?" అని అడిగాను.

"కాదు సార్. ఆ ఏడాది ఉన్న విలువ మీద."

"ఆ విలువ కట్టేదెవరు?"

"మేమే సార్. మాకు అనుభవం ఉంది కదా."

నేను పెద్దాయనవైపు చూశాను. ఆయన కూల్‌డ్రింకు సీసా పక్కన పెట్టి, "మేమిప్పుడు చేతి నుంచి ఏమన్నా కట్టాల్నా?" అని అడిగాడు.

"ఒక్క పైసా వద్దు. అన్నీ రాసి పెట్టుకొంటాం. అమ్మినప్పుడు పట్టుకొంటాం."

అంతే. పెద్దాయన ముఖం విచ్చుకుంది. నా బస్సు చార్జీ వాళ్ళ జేబులో నుంచి వచ్చేది. ఈయన తీసుకునేది ఇంకా రాని డబ్బులో నుంచి. తిరుగు బస్సులో ఈ తేడా చెప్పబోయాను. "నీకు కోపంగా ఉండాదిలే అయివోరూ" అన్నారు. కోపం కాదు, యాష్ట. విసుగొచ్చి ఇంకెప్పుడూ చెప్పలేదు.

నాలుగేళ్ళు ఏటా టైపు చేసిన కాగితం వచ్చేది. డెబ్బై వేలు, తొంభై వేలు, లక్షా పది వేలు, లక్షా ముప్పై వేలు. ప్రతి ఏడాదీ విలువ పెరిగేది, కూటంలో మిఠాయి పంచుకునేవాళ్ళు. విలువతో పాటు కంపెనీ రుసుమూ పెరిగేది. కాగితంలో అది కింది వరసలో ఉండేది, దాచిందేమీ లేదు. ఎర్రమట్టి రోడ్డు వేశారు. వానకు కొట్టుకుపోయింది. మళ్ళీ వేశారు. రెండుసార్లకూ నూటికి పదిహేను రాసుకున్నారు. జీపు ఎన్నిసార్లు పోయిందో ఉంది, ఎందుకు పోయిందో లేదు. కాఫీల గురించి నవ్విన మనిషి ఆ కాగితాన్ని చదివి, మడిచి, కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో పెట్టుకునేవాడు.

అమ్మకానికి వచ్చేసరికి లక్షా ముప్పై వేల నేల తొంభై ఆరు వేలకు పోయింది. మార్కెట్టు పడిందని మేనేజరు చెప్పాడు. అంతకుముందు ఎక్కువ విలువ మీద రాసుకున్న రుసుము తగ్గిస్తారా అని అడిగితే, "అది అప్పటి విలువ సార్" అన్నాడు మర్యాదగా. రోడ్డు పోను, రుసుములు పోను, వాటా పోను, పదేళ్ళ తర్వాత మనిషికి ఆరు వేల డెబ్బై ఏడు రూపాయలు కవర్లో పెట్టి ఇచ్చారు. పోస్టాఫీసులోనే ఉండివుంటే అంతకు మించే వచ్చివుండేది. ఆ లెక్క నేను అప్పుడే మనసులో వేసుకున్నాను, బయటికి అనలేదు. హోటల్లో అందరికీ భోజనం పెట్టించారు. అది కూడా ఖర్చులో రాసే ఉంది. పెద్దాయన రెండుసార్లు పాయసం వడ్డించుకున్నాడు.

నర్సమ్మకు అప్పటికి నగరికి బదిలీ అయింది. ఆమె సంతకం తీసుకొని కవరు అందించే పని మళ్ళీ నాకే చెప్పారు. పోయాను. వీధి పొడుగునా మరమగ్గాల చప్పుడు. ఆసుపత్రి వరండాలో ఆమె అప్పుడే డ్యూటీ దిగి బెంచీ మీద కూర్చుని ఉంది. జుట్టు చాలావరకు నెరిసింది. లెక్క కాగితం చేతికిస్తే చూడలేదు.

"చదివే ఓపిక లేదు. ఎంత వచ్చిందో చెప్పండి."

చెప్పాను. ఆమె కవరును ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పొద్దు నేను నోరు మూసుకొని ఉండాల్సింది" అన్నది. "మీరే సూసుకొని ఉంటే..."

"లేదమ్మా. అదొక్కటే నాకు మంచి జరిగింది" అన్నాను. మర్యాదకు అన్నమాట కాదు.

ఆమె నమ్మిందో లేదో. తమ్ముడు మగ్గం ఒకటి బేరం చేసి పెట్టినాడు, ఇది కూడా కలిపితే సరిపోతుంది అని చెప్పింది. వార్డులో నుంచి ఎవరో కేకేశారు. డ్యూటీ అయిపోయింది గదా, ఇంకొకరిని పిలవమనొచ్చు. ఆమె మోకాళ్ళు పట్టుకొని లేచి, కవరు జాకెట్లో దోపుకొని లోపలికి పోయింది. నేను అక్కడే బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. లేచేదానికి నాకూ ఓపిక లేకపోయింది.