గుండుసూదికి మొహమాటపడ్డ మనిషి

పోయిన వారం నా నడుము నొప్పికి షోళింగనల్లూరు దగ్గర ఒక ఆసుపత్రిలో స్కాను తీయించారు. అరగంటలో నా వెన్నుపూసలన్నీ తెర మీద కనబడ్డాయి, ఒక్కసారైనా నా వీపు ముట్టుకోకుండానే ఆ కుర్ర డాక్టరు ఏ పూస అరిగిందో చెప్పేశాడు. తప్పుపట్టడం లేదు, బాగానే చెప్పాడు. కానీ యాభైల్లో మద్రాసు పెద్దాసుపత్రిలో నేను హౌస్ సర్జనుగా చేరిన రోజుల్లో మాకున్న స్కాను ఒక్క గుండుసూదేనని నా ఈడు వాళ్లతో చెప్పుకోవాలనిపించింది.

అప్పట్లో కాళ్లు పడిపోయి ఎవరొచ్చినా వెన్నుకు క్షయ అని రాసి, నెలల తరబడి ప్లాస్టరు కట్టులో పడుకోబెట్టడం రివాజు. తొండియార్‌పేట నుంచి వచ్చిన ఒక హార్బరు కూలీకి కూడా అలాగే రాసిపెట్టారు. మా పెద్ద సర్జను మాత్రం, ఎక్స్‌రేలో ఎముకలు శుభ్రంగా ఉన్నాయి, ఇది క్షయ కాదు, వెన్నుపాముకు ఆనుకుని ఎక్కడో అరుదుగా పెరిగే గడ్డ, తీసేస్తే మనిషి లేచి నడుస్తాడని పట్టుబట్టారు. ఆ గడ్డ చోటు చూపించే రంగుమందు విదేశాల నుంచి ఓడలో రావాలి, అది రాలేదు; అతని కాళ్లేమో రోజురోజుకీ బిగుసుకుపోతున్నాయి. అందుకని పాదాల నుంచి పైకి సూదితో గుచ్చుకుంటూ వెళ్లి, స్పర్శ మొదలైన చోట గీత గీసే పని నాకు అప్పగించారు, ఆ గీతను బట్టే వెన్ను తెరుస్తారు. నేను శ్రద్ధగా గుచ్చి బొడ్డు దగ్గర గీత గీశాను, గీసి కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం వార్డులోకి వెళ్లేసరికి అతని భార్య గంజి తాగిస్తోంది. వేడి గంజి బొడ్డుకు బెత్తెడు పైన ఒలికి చర్మం ఎర్రగా కందింది, ఆమె కంగారుగా తుడుస్తోంది, అతను మాత్రం నాకు నమస్కారం పెడుతూ నవ్వుతున్నాడు. కాలడం తెలియలేదా అని అడిగితే తల దించుకున్నాడు.

“కాళ్ల కాడినుంచి లేదు, లేదు అనే చెప్తా వస్తి గదమ్మా. డాక్టరమ్మను ఎంతసేపని కాదనేది? మీరూ వొంగి వొంగి కష్టపడతా ఉండారు. అందుకే ఆడ తెలస్తా ఉండాదంటి.”

“ఈయన ఎప్పుడూ ఇంతేనమ్మా! మేస్త్రి ఇంకో మూట ఎత్తినా చాలనడు,” అంది భార్య.

కోపం అతని మీద వచ్చిందో, నా మీద వచ్చిందో తెలియదు. నా గీతను నమ్మి కత్తి పెడితే గడ్డ దొరకదు, ఆ మనిషి జన్మలో లేవడు. అతని కళ్ల మీద తువ్వాలు కప్పి, లేనిది లేదని చెప్పడమే నాకు మర్యాద, అన్నా, అని బతిమాలి, ఒకసారి నిజంగా గుచ్చుతూ, ఒకసారి ఊరికే ఆగుతూ, ప్రతి చోటా రెండోసారి గుచ్చినా అదే జవాబు వచ్చేదాకా వదలకుండా మొదటి నుంచి చేశాను. గీత రొమ్ము దగ్గరికి ఎక్కింది. మా సర్జను ముక్కోపి, చెబితే నీ పని అయిపోయినట్టేనని తోటివాళ్లు భయపెట్టారు, అయినా సరే ఈ మాట చెప్పకుండా ఇంటికి వెళ్లేది లేదని వెళ్లి చెప్పాను. ఆయన పాత గీత కొలత రాసిచ్చిన నా కాగితం చించి బుట్టలో వేసి, స్వయంగా వచ్చి గుచ్చి చూశారు. మర్నాడు సరిగ్గా ఆ పైగీత దగ్గర ఎముక తీస్తే, వక్కకాయంత గడ్డ వెన్నుపామును ఒక పక్కకు నొక్కేసి కూర్చుంది.

మూడో వారంలో అతని బొటనవేలికి సూది గుచ్చితే కాలు చటుక్కున లాక్కుని, “అబ్బ, చాలించమ్మా, నొప్పి!” అని విసుక్కున్నాడు. ఆ విసుగుకు నేను వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను. తర్వాత కర్ర పట్టుకుని నడిచే ఇంటికి వెళ్లాడు.

ఇప్పటి రోగులకు అంత మొహమాటం లేదు, డాక్టరు చెప్పింది నచ్చకపోతే మొహం మీదే అనేసి ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. అదే మంచిది, ఆ కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను. కాకపోతే అతనికి ముందు కూడా ఎంతోమందికి సూది గుచ్చాను, తెలుస్తోందంటే తెలుస్తోందని రాసుకున్నాను. వాళ్లలో ఎందరు నన్ను నొప్పించలేక ఆ మాట అన్నారో ఇప్పుడు అడుగుదామంటే, ఒక్కరి పేరూ నాకు గుర్తులేదు.