ఆవిడ తల వంపు

అది 1996. బందరు పక్కన చిలకలపూడిలో మాది రోల్డ్ గోల్డ్ నగల కొట్టు. రోల్డ్ గోల్డ్ అంటే రాగి మీద పల్చటి బంగారు పూత. మా ఆయన నగలు చేస్తే, నేను రాళ్లు పొదిగి కొట్లో అమ్మేదాన్ని. మంగినపూడి బీచిలో సినిమా తీస్తూ హీరోయిన్ జుంకీలు మా దగ్గరే చేయించారు. షూటింగ్ రెండో రోజు పొద్దున్నే కారు పంపారు. జుంకీ ఇబ్బంది పెడుతోంది, ఆడమనిషి వస్తే మంచిదన్నారు. పనిముట్ల డబ్బా పట్టుకుని వెళ్లాను.

ఆవిడ గొడుగు కింద కూర్చుని ఉంది. నేను ఆవిడ సినిమా ఏదొచ్చినా మొదటి వారంలోనే చూసేసే మనిషిని. కానీ ఆ చెవి చూశాక మొహం వంక చూడబుద్ధి కాలేదు. కుడి తమ్మె రంధ్రం సాగిపోయి, ఇంకో పిసరు లాగితే తెగేట్టుంది. రక్తం చారికలు కట్టింది.

"ఇవి తీసేసి తేలికవి పెడతానండీ," అన్నాను.

ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోలేదు. "నిన్నటి షాట్‌లో ఇవే ఉన్నాయమ్మా. కంటిన్యుటీ పోతుంది." అంటే నిన్న తీసినదానికీ ఇవాళ తీసేదానికీ వేషంలో తేడా రాకూడదట. "ముప్పై దాటితే అన్నీ నొప్పులే. కొత్తమ్మాయిని పెట్టుకుందామని మొత్తుకున్నాను," అన్నాడు, ఆవిడకి వినపడేట్టే. హీరోగారికి యాభై దగ్గరపడుతున్నాయి, ఆయన ఇంకా హోటల్ నుంచి బయల్దేరనే లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నేను ఆగిపోతే రేపటికి ఈ వేషం ఇంకొకళ్లది, అక్కా. తెగకుండా ఏదో ఒకటి చెయ్యండి."

జుంకీకి సన్నటి తీగ కట్టి, నల్లరంగు పూసి, చెవి పైనుంచి జుట్టులోకి తిప్పాను. బరువు చాలావరకు తీగ మీదికి పోయింది. అంతా పోలేదు. ఆవిడే తల కాస్త కుడిపక్కకి వంచి, జుంకీని భుజానికి ఆనించుకుంది. సాయంత్రం దాకా అలాగే నవ్వుతూ పాట చేసింది. ఎప్పుడు తెగుతుందోనని నేను కాలు నిలవక ఇసకలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. తెగలేదు.

సినిమా వచ్చాక గుడివాడ నుంచీ మొవ్వ నుంచీ ఆడవాళ్లు మా కొట్టుకి ఎగబడ్డారు. ఆవిడ జుంకీలే కావాలి. పెట్టుకుని, అద్దం ముందు తల కుడిపక్కకి వంచేవాళ్లు. "ఆ వంపులోనే ఉందండీ అందమంతా," అనేవాళ్లు. నాకు కలుక్కుమనేది. ఆవిడ గుట్టు చెప్పడానికి నేనెవర్ని? నోరు మూసుకుని అమ్మాను.

ఏళ్లు గడిచాయి. ఆవిడ తర్వాత వచ్చిన హీరోయిన్లు ఎంతమందో కనపడకుండా పోయారు. అదే హీరోకి ఆవిడ వదినగా వేసింది. ఆ జుంకీలు మాత్రం అడుగుతూనే ఉన్నారు. ఒకరోజు నాగాయలంక నుంచి చేపలమ్మే పెద్దావిడ వచ్చి అవే అడిగింది. చేతికిచ్చి అద్దం చూపించాను. చెవి పక్కన పట్టుకుని చూసుకుందిగానీ తల వంచలేదు.

"అందరూ తల వంచి చూసుకుంటారు, పిన్నీ," అన్నాను.

"ఆయమ్మకి చెవి నొప్పమ్మాయ్. చూడగానే తెలిసింది నాకు." జుట్టు తప్పించి తన చెవి చూపించింది. తమ్మె రెండుగా చీలిపోయి ఉంది. "చేపల తట్ట మోసి మెడలు లాగేస్తన్నా, కొనేవాళ్ల ముందు నేనూ అట్టాగే నవ్వుతా. అందుకే ఆయమ్మంటే నాకిష్టం."

తీగ తీసి, నల్లరంగు పూసి, జుంకీని ఆవిడ చెవి పైనుంచి కట్టాను.

అప్పట్నుంచీ కొట్టుకి ఎవరొచ్చినా ఏ మోడల్ కావాలని అడగను. ముందు చెవి చూపించమంటాను.