కొండకు ఎదురుగా నిలబెట్టిన డప్పు

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మిషను బడి పంతులు రాస్తున్నాడు. ఈ రోజు చైత్ర పండుగ థింసా ఆటలో డప్పులవాళ్ళను నిలబెట్టింది నేనే. ఏటా వాళ్ళు కొండకు వీపు పెట్టి వాయిస్తారు. ఈసారి అక్కడ ఎండగా ఉందని, కొండకు ఎదురుగా నీడలో నిలబెట్టాను.

“అత్తా, దెబ్బ కొండకి తగిలి తిరిగొచ్చేత్తాది. ఆడోళ్ళకి అడుగు తప్పిపోతాది,” అన్నాడు పెద్ద డప్పు వాయించే సోమన్న.

“నాకే సెప్తావేటిరా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆడతన్నాను. బేగి వాయించు!”

ఆట మొదలైంది. అడుగులు కలవక వరుస తెగి, నా మనవరాలు పడిపోయింది. “కల్లు తాగొచ్చి తాళం తప్పేవురా!” అని ఊరంతా వినేలా అరిచాను. సోమన్న మెడలోంచి డప్పు తీసి అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

అతడి తమ్ముడు అదే చోట నిలబడి ఒక్క దెబ్బ కొట్టి చూపించాడు. కొండ నుంచి రెండో దెబ్బ వచ్చింది. అందరితోపాటు నేనూ విన్నాను.

సోమన్న ఈ రోజు చుక్క కూడా ముట్టలేదట. ఇక డప్పు పట్టనన్నాడట. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. ఊరంతా వినేలా తిట్టిన నేను, అతడి గుమ్మంలో మెల్లగా తప్పు ఒప్పుకుంటే సరిపోతుందా? అందుకే దీన్ని రేపు డుంబ్రిగుడ సంతలో గట్టిగా చదవమని పంతులుకు చెప్పాను. విన్నవాళ్ళు నన్ను ఏమనాలో అనండి.