పచ్చబొట్టు లేని చేతికి పింఛను

సహోదరులారా, సహోదరీలారా, కోయిలకుంట్ల కచేరీ వసారా కింద నన్ను నిలబెట్టి, పింఛను గుమాస్తా నా చెయ్యి చూసి, తన ముందున్న పుస్తకం చూసి, మళ్లీ నా చెయ్యి చూసి, "నువ్వు సుంకమ్మవు కాదు" అన్నప్పుడు నా కాళ్ల కింద నేల ఉందో లేదో నాకు తెలియలేదు. ఆ రోజు మొదలు నెల తిరిగేదాకా నేను బతికింది బతుకు కాదు. ఆ భయం గురించి, అందులోంచి ప్రభువు నన్ను ఎట్లా బయటికి తెచ్చాడో దాని గురించి చెప్పాలనే ఈ కోతల పండుగ నాడు మీ ముందుకు వచ్చాను. నాకు చదువు రాదు, వాక్యం విప్పి చెప్పడం రాదు, నోరు మాత్రం కాస్త పెద్దది, అది మీ అందరికీ తెలిసిందే.

జర్మనీ యుద్ధం నాడు మా వాడ, మా గేరి మగవాళ్లను కూలి పటాలంలో చేర్చుకుని అరబ్బుల దేశంలోని బస్రాకు ఓడ ఎక్కించారు. ఆ ఏడు వానలు లేవు, చేను మొలకలోనే మాడిపోయింది, ఇంట్లో పొయ్యి వెలిగిన రోజు కంటే వెలగని రోజులే ఎక్కువ, అందుకని నా పెనిమిటి మద్దిలేటి కూడా పోయాడు. తుపాకీ పట్టడానికి కాదు, రైలు పట్టాలు మోయడానికి. అక్కడే జ్వరం తగిలి పోయాడు. ఆయనను ఏ మట్టిలో పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. నా కూతురు దీనమ్మను సాకమని సర్కారు వారు నా పేరున పింఛను ఇచ్చారు. నేను బతికి ఉన్నంత కాలం, మారు మనువు చేసుకోనంత కాలం అది వస్తుంది. అందుకే ఏటా ఒకసారి కచేరీకి పోయి, పుస్తకంలో రాసిన గుర్తులు నా ఒంటి మీద చూపించి, బతికే ఉన్నానని అనిపించుకుని రావాలి.

మా అత్తగారి ఊరు కుందూ ఒడ్డున, ఇంగ్లీషు సర్కారు కింద ఉంది. నా పుట్టింటి ఊరు బనగానపల్లె నవాబుగారి సీమలో ఉంది. మధ్యన ఒక్క పొలిమేర రాయి, దానికి ఇటు జొన్నచేను, అటూ జొన్నచేనే, కాకి కూడా తేడా కనిపెట్టలేదు, అయినా సర్కారు వారి లెక్కలో నేను పరాయి రాజ్యంలో ఉన్నదాన్ని. మద్దిలేటి పోయాక మా అత్త ఈరమ్మకూ నాకూ మాట మాట పెరిగింది, నేను పాదిరిగారి దేవుణ్ణి నమ్ముకుంటానన్నాక ఆ ఇంట్లో నాకు చోటు లేకుండా పోయింది, బిడ్డను చంకన వేసుకుని రాయి దాటి మా అన్న ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత మా అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మా అన్న ఊళ్లో చిన్న ప్రార్థన గుడిసె ఉండేది. అక్కడే నాకు బాప్తిస్మం ఇస్తామన్నారు. నా కుడి ముంజేతి మీద ఎల్లమ్మ పేరున పొడిపించిన పచ్చబొట్టు ఉండేది, చిన్న కుండ, దాని చుట్టూ చుక్కలు. పెళ్లైన కొత్తలో మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని పొడిపించింది. ఆ గుర్తుతో నీళ్లలోకి దిగుతావా అని గుడిసెలో ఒకావిడ అడిగింది. అంతే, నాకు తిక్క లేచింది. నల్లజీడి గింజలు దంచి ఆ రసం చేతికి పూసుకున్నాను. బొబ్బలెక్కి, చీము పట్టి, చర్మమంతా ఊడి, కుండా లేదు చుక్కలూ లేవు, ముడుతలు పడ్డ ఎర్రటి మచ్చ మిగిలింది. పాదిరిగారు చూసి తల పట్టుకుని, ప్రభువు నీ చర్మం అడగలేదు కదమ్మా అన్నారు. నా పేరు కూడా మారుస్తారనుకున్నాను గానీ, ఆ పేరుతోనే దేవుడు నిన్ను పిలిచాడు, ఉండనీ అన్నారు. అట్లా పేరు నిలిచింది, గుర్తు పోయింది. పింఛను పుస్తకంలో నా పేరు పక్కన రాసుకున్నది ఆ కుండ గుర్తేనన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

ఆ గుమాస్తా చెడ్డవాడు కాడు. గట్టిగా కూడా అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్నేమో. "అసలు సుంకమ్మ చచ్చిపోయి ఉంటే, ఆమె పేరు చెప్పుకుని ఇంకొకతి వచ్చి దుడ్లు తీసుకుపోవడం మేము చూడలేదనుకున్నావా? గుర్తు లేదని తెలియకుండా అది ఉండాల్సిన చోటే కాల్చుకున్నావు. నవాబు సీమలో మా సర్కారు నియమించిన మున్సబు లేడు, నీ గురించి ఎవరిని అడగమంటావు? నీ మొగుని తల్లిని, ఆ ఊరి మున్సబును నెలాఖరుకు పిలుచుకొని రా. వాళ్లు ఔనంటే సరి. కాదంటే కాగితాలు పోలీసుకు పోతాయి" అన్నాడు.

నేను కళ్లు తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వస్తే అక్కడ కూర్చున్న బంట్రోతు జాలిపడి ఇంకొక మాట చెప్పాడు. ఆ మాట చెప్పకుంటేనే బాగుండేది. "పెండ్లాము లేదంటే ఆ పింఛను తల్లికి పోతాదమ్మా. మీ అత్త మంచిదేనా?" అన్నాడు.

సహోదరులారా, అప్పుడు పట్టుకుంది నన్ను భయం. మా అత్త నన్ను ఎరగనని ఒక్క మాట అంటే చాలు, ఆ పింఛను ఆమెది. ముసలి వయసులో ఆమె పక్కవాళ్ల చేలో కలుపు తీసి బతుకుతోంది. నేను ఆమె ఇల్లు వదిలి వచ్చాను, ఆమె దేవతను కాల్చుకున్నాను, ఆమె కొడుకు ప్రాణానికి బదులుగా వచ్చేది నేను తింటున్నాను. ఆమె స్థానంలో నేనుంటే ఎరగననే అనేదాన్నేమో. నన్ను జైల్లో పెడితే నా బిడ్డ ఎవరి పంచన పడుకుంటుంది, ఎవరి గంజి తాగుతుంది? దారంతా ఆ బిడ్డ ఏదో అడుగుతూనే ఉంది, నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

మా అన్న విని, "నువ్వు మళ్లీ ఆ కచేరీ గడప తొక్కొద్దు. ఇంగ్లీషోళ్ల పోలీసు ఈ రాయి దాటి రాడు. పింఛను పోతే పోనీ, ఈడే పడి ఉండు" అన్నాడు. అది కూడా ఆలోచించాను. కానీ పోకుండా దాక్కుంటే నేను దొంగదాన్నని నేనే ఒప్పుకున్నట్టు. మద్దిలేటి పెళ్లాం చచ్చిపోయిందని పుస్తకంలో రాసేస్తారు, ఆ తర్వాత నా బిడ్డ ఎవరి బిడ్డ?

చివరికి బిడ్డను తీసుకుని అత్తగారి ఊరికి పోయాను. ముందు ఊరి అధికారి అయిన మున్సబును కలిశాను. ఆయన గుమ్మంలోంచే, "మద్దిలేటిని ఎరుగుదును గానీ, వాని పెండ్లాము మొగం నేనేడ చూసినా? ఈరమ్మ ఏం చెప్తే అదే నేనూ చెప్తా" అనేశాడు. ఇంక అంతా మా అత్త నోటిలోనే ఉంది.

ఆమె ఇంటి ముందు కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని మచ్చను వేలితో తడిమి చూసింది.

"ఎల్లమ్మను కాల్చినావు" అంది.

నా చెయ్యి వదిలేసింది.

"ఆ దినానికి వస్తాలే. ఆడ చెప్పాల్సింది ఆడ చెప్తా" అని మళ్లీ చేట పట్టుకుంది. బిడ్డకు మాత్రం చెంబుతో నీళ్లిచ్చింది. నన్ను తాగమని అనలేదు.

ఆ మాట నన్ను తినేసింది. ఔనంటానని చెప్పలేదు, కాదంటాననీ చెప్పలేదు. కూడు నోట్లో పెట్టుకుంటే మింగుడు పడేది కాదు. వీధిలో ఎవరైనా ఖాకీ బట్టలతో పోతే బిడ్డను లాక్కుని లోపలికి దూరేదాన్ని. సంఘమంతా నా కోసం ప్రార్థించింది, నేను కూడా మోకాళ్ల మీద పడి ప్రార్థించాను, కానీ నా ప్రార్థన ఎట్లాంటిదో దాచకుండా చెప్తాను. "ప్రభువా, నాకు దిక్కు నువ్వే. ఆ ముసలిది అబద్ధం ఆడబోతే దాని నాలుక పడిపోవాల, ఆ కచేరీలోనే నోరు పెగలకుండా పోవాల తండ్రీ" అని ఏడ్చాను. భయపడ్డ మనిషి ప్రార్థన అట్లాగే ఉంటుంది. దేవుడు దాన్ని కూడా విని ఊరుకున్నాడు.

చెప్పిన రోజు వచ్చింది. మున్సబు గుర్రబ్బండిలో వచ్చాడు, మా అత్త నడిచి వచ్చింది. ఉతికిన కోక కట్టుకుంది, నన్ను పలకరించలేదు. మమ్మల్ని వసారా కింద నిలబెట్టారు. గుమాస్తా ఆమెను పేరు అడిగాడు, ఊరు అడిగాడు, కొడుకు పేరు అడిగాడు. కొడుకు పేరు మాత్రం ఆమె రెండుసార్లు చెప్పింది. తర్వాత నన్ను చూపించి, "ఈమెను ఎరుగుదువా?" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. చూస్తూ ఉండిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. నా బిడ్డ చెయ్యి ఎంత గట్టిగా నలిపేశానో, అది అబ్బా అని మూలిగింది. అంతసేపు ఆమె నోరు పెగలకపోతే, దేవుడు నా ప్రార్థన విన్నాడేమో, ఈమె అబద్ధం ఆడబోతోందేమో అని వణికిపోయాను.

"ఎరుగుదును సామీ. నా కొడుకు పెండ్లాము, సుంకమ్మ. ఆ చేతికి పచ్చబొట్టు పొడిపించింది నేనే. నొప్పికి నన్ను కరిచింది కూడా, ఇదో చూడు" అని తన ఎడమ చేతి బొటనవేలి కింద పాత పంటి గాటు చూపించింది. నిజమే, కరిచాను. నేను ఎప్పుడో మరిచిపోయాను.

గుమాస్తా నవ్వలేదు. కలం కింద పెట్టి, "అవ్వా, బాగా ఆలోచించి చెప్పు. ఈమె కాదంటే ఆ పింఛను నీకు వచ్చేదే, తెలుసునా?" అన్నాడు.

"తెలుసు సామీ. నాకు తెలుసు, రాసుకో" అంది ఆమె. వేలిముద్ర వేసింది. ఆమె వెనుక మున్సబు సంతకం పెట్టాడు. కుండ గుర్తు కొట్టేసి, కుడి ముంజేతి మీద కాలిన మచ్చ అని నా పేరు పక్కన రాసుకున్నారు. దేవునికే మహిమ! నేను కచేరీ మట్టిలోనే కూలబడి ఏడ్చాను, ఆపమని బంట్రోతు మందలించినా ఆపలేకపోయాను.

ఊరి బయట వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు నేను మా అత్త కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. "నీకొక్కదానికే భయమనుకుంటాండావా? నువ్వు వచ్చి పోయినప్పట్నుంచి నాకు కూడు పోలేదు. ఆడ నిలబడినాక నా నోరు ఏమంటాదో నాకే తెలీలేదు. మున్సబు ముందే చెప్పినాడు, పింఛను నాకొస్తాదని. నాకు ఆశ ల్యాక కాదు" అంది.

"మరి ఎట్లా చెప్పినావు అత్తా?" అన్నాను.

ఆమె చెప్పింది. "ఎల్లమ్మను అడుగుదామని పోయినా. ఆమెనేమో నువ్వు కాల్చినావు, నీ పక్క ఎందుకు పలికిస్తాది? అందుకని నీ దేవుడినే అడిగినా. నీ పేరు నాకు తెలీదప్పా, మా కోడలు నిన్ను నమ్ముకునింది, ఆడ నా నోట్లో నుంచి నిజమే రానీ, నా కొడుకు ఇల్లు నిలబెట్టు, అని అడిగినా. వినినట్టే ఉండాడు."

సహోదరులారా, నేను ఆ దేవుణ్ణి రోజూ పేరు పెట్టి పిలుస్తూ ఆమె నాలుక పడగొట్టమని అడిగాను. పేరైనా తెలియని ఆమె తన నాలుకకు నిజం ఇమ్మని అడిగింది. ఆయన ఎవరి ప్రార్థన ఆలకించాడో నాకు బాగా తెలుసు.

ఆమె ఇంకా మన మందిరంలోకి రాలేదు. రమ్మని నేను నోరు పెట్టుకుని అరవడమూ మానేశాను. పింఛను వచ్చినప్పుడల్లా రాయి దాటి పోతాను, ముగ్గురం కలిసే తింటాం. ప్రభువు చేసిన మేలుకు నేను వందనాలు చెల్లిస్తున్నాను. మీలో ఎవరికైనా కచేరీ భయం, కరువు భయం, సొంత మనుషుల భయం ఉంటే, ధైర్యం వచ్చాక ప్రార్థిద్దామని ఆగొద్దు, వణుకుతూనే రండి, మంచి మాటలు రాకపోతే నాలాగా చెడ్డ మాటలతోనైనా రండి. ఆయన సంగతి తెలియకుండానే మా అత్త అడిగింది, తెలిసిన మనం ఎందుకు అడగకూడదు? ఆమేన్.