పెయ్యదూడకు పంచిన బెల్లం

డోన్ సంతలో ఇవాళ బెల్లం వాసన తగిలింది. సిగ్గుతో తల వంచుకున్నాను.

చిన్నప్పుడు మా ఆవు తొలిచూలు ఈని, పెయ్యదూడను దగ్గరికి రానివ్వకుండా తన్నింది. తల్లి నాకాలని మా నాయన తల్లి, జేజి, దూడ వీపుకు ఉప్పు రాసింది. మీ ఇళ్లలోనూ రాసేవాళ్లు కదా. నేను దూడ మూతిని పొదుగుకు ఆనించి పట్టుకున్నాను.

"ఆడబిడ్డ పుట్టిండాది, ఇంటికి లచ్చిమి వచ్చిండాది. ఎందుకమ్మా తంతాండావు?" అని జేజి ఆవును బతిమాలింది.

ఆవు నాకింది. దూడ తాగింది. జేజి వీధంతా బెల్లం పంచింది.

అంతకు నెల ముందు నాకు చెల్లెలు పుడితే జేజి బాలింత గది గడప తొక్కలేదు.

అమ్మ చంటిదాన్ని ఎత్తుకొని బయటికొచ్చి చెయ్యి చాపింది. "ఈ బిడ్డ పేరు మీద గూడా ఒక ముక్క పంచు అత్తా."

జేజి మిగిలిన బెల్లం కొంగున ముడేసుకొని దూడ దగ్గరికి పోయింది. నా నోట్లో బెల్లం ఉంది. మింగడానికి సిగ్గేసింది. అయినా అది తియ్యగానే ఉంది.