నన్ను పడగొట్టినవాడికి మా నాన్న చప్పట్లు

మనిషి పొడుగ్గా పుడితే చాలు, మిగతాదంతా లోకమే చూసుకుంటుందని నేను నమ్మిన కాలం ఒకటి ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లే అయింది, నాకు మీసం ఇంకా రాలేదు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో నా అంత పొడుగువాడు మరొకడు లేడు. మా గుమ్మం దాటాలంటే సగానికి మడతపడాల్సి వచ్చేది. వాన మొదలైతే వీధి మొత్తానికి కబురు చెప్పేది నేనే (ఇది అబద్ధమని మా ఆవిడ అంటుంది, ఆవిడ అప్పటికి నన్ను చూడలేదు). వెడల్పు సంగతి మాత్రం దేవుడు మరిచిపోయాడు. అమ్మ పెట్టిన అన్నమంతా పొడవుకే ఖర్చయిపోయేది. పక్కకి తిరిగి నిలబడితే బళ్లో మాస్టారు గైర్హాజరు వేసేవారు.

మా నాన్న యార్డులో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చే లీవరు ఆయనకన్నా పొడుగు. ఆయన దాన్ని లాగేవాడు కాదు, పట్టుకు వేలాడేవాడు. అదే జాలిపడి వంగేది. రైల్వేలోకి రాకముందు విజయనగరంలో పోలీసు ఉద్యోగానికి వెళ్తే, కొలబద్ద కింద నిలబెట్టి నవ్వి పంపేశారట. ఆ నవ్వు గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఏటా దసరాకి నన్ను గోడకి ఆనించి బొగ్గుతో గీత గీసేవాడు. చివరి రెండేళ్లూ గీత గీయడానికి ఆయనకి స్టూలు కావలసి వచ్చింది. స్టూలు దిగి, ఆ గీతని కాస్త దూరం నుంచి చూసుకునేవాడు.

అలాంటి రోజుల్లో మా మైదానంలో రెండు స్తంభాలు పాతి, ఇనప రింగులు బిగించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టారు. నేర్పేవారు పటాలం నుంచి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు. నన్ను చూడగానే "ఖంబా" అని పేరు పెట్టి, స్తంభానికి తోడుగా రెండో స్తంభంలా రింగు కింద నిలబెట్టారు. తర్వాత చూపుడువేలితో నా రొమ్ము మీద చిన్నగా పొడిచి చూశారు. నేను స్తంభానికి వెళ్లి తగిలాను.

"ఊంచాయీ తో హై, బేటా. వజన్ కహాఁ హై?" అన్నారు విచారంగా. ఎత్తు ఉంది సరే, బరువేదిరా అని. బంతి పొడుగువాడి చేతికే వస్తుంది కానీ, అది వచ్చేదాకా ఆ చోట నిలబడి ఉండాలంటే తొడలూ నడుమూ కావాలని ఆయన సిద్ధాంతం. నెల రోజులు గేదె పాలు తాగాను. పెరిగింది జుట్టు ఒక్కటే.

దగ్గరి ఊరు తిల్దా నుంచి కుర్రాళ్లు మా మీద ఆడటానికి వస్తున్నారని తెలిసిన నాడు, నాన్న డ్యూటీ మార్పించుకున్నాడు. పెళ్లిళ్లకి కూడా మార్పించుకోని మనిషి. యార్డంతా తిరిగి, "మావోడు రింగు కాడ నిలబడ్తే సాలు, బంతే దిగొస్తాది, దేఖ్‌నా" అని చెప్పి వచ్చాడు. నాకు గెలుపు మీద అంత పట్టింపు లేదు. నాన్న చూస్తుండగా ఒక్క బంతి రింగులో వేయాలి, అంతే. ఆ కొలబద్ద నవ్వుకి మా ఇంట్లోంచి అదే జవాబు అనుకున్నాను.

వచ్చినవాళ్లంతా బియ్యం మిల్లుల్లో పనిచేసే వాళ్లు. అందరిలోకీ పొడుగువాడు నా భుజం దాకా వచ్చాడు. నాకు ఎదురుగా నిలబడ్డవాడు నా పక్కటెముకల దాకానే. వాణ్ని వాళ్లవాళ్లు "బోరా" అని పిలిచారు, అంటే గోనెసంచి. బస్తాలు మోసి మోసి వాడి మెడ భుజాల్లోకి దిగిపోయింది. మావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, పై నుంచి.

బంతి వస్తోంది. నేను ఆకాశానికి చేతులెత్తాను. వాడు నన్ను తొయ్యలేదు, తాకినట్టు కూడా అనిపించలేదు. వీపు నా నడుముకి ఆనించి, మోకాళ్ల దగ్గర కొంచెం దిగాడు. అంతే. తేరుకునేసరికి నేను మైదానం గీత అవతల ఉన్నాను, చేతులు ఇంకా పైనే ఉన్నాయి (పోలీసులకి లొంగిపోతున్నాననుకుని ఎవరో జాలిపడ్డారు). మళ్లీ అదే, మళ్లీ అదే. ఆట అయ్యేలోపు నేను మైదానంలో చూడని మూల లేదు. ఆఖర్న ఒక బంతి రింగుకి తగిలి నేరుగా నా మీదికి వచ్చింది. ఉన్న ఎత్తంతా పోగుచేసి ఎగిరాను. వేళ్లకి బంతి తగిలింది కూడా. కింది నుంచి బోరా భుజం లేచింది. నేను పడటం మొదలుపెట్టాను (నా పొడవుకి అది పూర్తవడానికి కొంత సమయం పట్టింది). వాడు బంతి అందుకుని రింగులో వేశాడు.

మావైపు నుంచి ఒక్క మనిషి చప్పట్లు కొట్టాడు. నేల మీద నుంచే తల తిప్పి చూశాను. నాన్న. ఇస్త్రీ చొక్కాతో బల్ల మీద నిలబడి, నన్ను కాదు, వాణ్ని చూస్తూ కొడుతున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తన చేతులు చూసుకుని, మెల్లగా జేబుల్లో పెట్టుకున్నాడు.

"లాగిస్ తో నఇ, భయ్యా?" దెబ్బ తగల్లేదు కదా అంటూ బోరా ఒక్క చేత్తో నన్ను లేపి నిలబెట్టాడు. ఖాళీ సంచి లేపినట్టు.

ఇంటికి నడుస్తుంటే లోకో షెడ్డు దాటాక నాన్న అడిగాడు.

"దెబ్బ తగిలిందేట్రా?"

"లేదు."

"నువ్వు పడ్డావని కొట్నేదురా సప్పట్లు." కొంతదూరం నడిచాక అన్నాడు, "అలాటి గుంటడు గెలవడం నానెప్పుడూ సూణ్ణేదు."

నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. నా ఒక్క అడుగుకి ఆయన రెండడుగులు వేస్తూ దాదాపు పరుగెడుతున్నాడని ఆ సాయంత్రమే మొదటిసారి గమనించాను. అడుగులు చిన్నవి చేసుకున్నాను. అలవాటు అలాగే నిలిచిపోయింది. ఇంత పొడుగు కాళ్లు పెట్టుకుని ఎప్పుడూ వెనకే పడతారేమండీ అని మా ఆవిడ బజారులో ఇప్పటికీ విసుక్కుంటుంది. వస్తున్నానే అంటాను.